విషాహారి యగు నత్త

కరీబియన్ సముద్రములో లోతు తక్కువగా నుండు చోట్ల విసనకఱ్ఱలవలెను, పొదలవలెను పెరుగు మెత్తని పగడపు జీవులు కలవు. వీనికి గోర్గోనియనులని పేరు. చూచుటకు మొక్కలవలె నున్నను ఇవి జంతువులే. ఒకచోట పాతుకొని యుండుటచే పారిపోలేవు. పైని గట్టి గుల్లయు లేదు. అయినను పెక్కు చేపలు వీని జోలికి పోవు. వీని శరీరములో నిండియున్న రసాయనములే ఇందులకు కారణము. ప్లెక్సారా హోమోమల్లా అను జాతియందు ప్రోస్టాగ్లాండినులను పదార్థములు విస్తారముగా నున్నట్లు 1969లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మన దేహములో ఇవి లేశమాత్రముగా నుండియే నొప్పిని, జ్వరమును కలిగింపగలవు. వీనిని మ్రింగిన చేప వాంతి చేసికొనును.

ఇట్టి విషాన్నమునే దినదినమును మేయు నత్త యొకటి ఆ సముద్రముననే కలదు. దానిని ఫ్లెమింగో నాలుక యందురు. 1758లో లిన్నేయసు వర్ణించిన ఈ నత్త పొడవు అంగుళమునకు కొంచె మటునిటు. దానిపై నల్లని అంచులుగల నారింజవన్నె మచ్చలు కనులపండువుగా నుండును. నిజమునకు ఆ మచ్చలు గుల్లవి కావు. గుల్లను కప్పియున్న సజీవమైన చర్మమువి. అందమున కాశపడి దానిని పట్టుకొనిపోయినవారికి తుదకు మిగులునది వెలవెలబోయిన గుల్ల మాత్రమే!

విషమునకు లొంగకుండుటకు గల రహస్యము ఈ నత్త జీర్ణగ్రంథిలో నున్నది. శరీరములోని రసాయనిక క్రియలను త్వరపెట్టు పదార్థములను ఎంజైములందురు. గ్లూటథయోన్ ట్రాన్స్‌ఫరేజులను ఎంజైములు ఆ గ్రంథిలో సమృద్ధిగా కలవు. గ్లూటథయోన్ జీవకణములలో నుండు చిన్న అణువు. ఎంజైము దానిని విషపు అణువునకు తగిలించును. అంతట విషము తీక్ష్ణతను కోల్పోయి, నీటిలో సులభముగా కరగి, వెలుపలికి పోవుటకు అనువగును.

అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్రశాస్త్ర సంస్థలో క్రిస్టెన్ వేలెన్, మార్క్ హాన్ మొదలగువారు ఈ విషయమును పరిశోధించి 2008, 2010 సంవత్సరములలో ఫలితములను ప్రకటించిరి. ఆహారము మార్చినను నత్తలలో ఈ ఎంజైముల చురుకుదనము మారలేదు. శత్రువు వచ్చిన పిదప సైన్యమును సమకూర్చుకొనుట గాక, ఎల్లప్పుడును సిద్ధముగా నుంచుకొనుట దాని పద్ధతి. అయినను ఇది సులభమైన కార్యము కాదు. నత్త తిను పరిమాణమును బట్టి లెక్కింపగా, ఎంజైములు తమ శక్తి నంతయు వినియోగింపవలసియే యున్నట్లు తేలినది.

మన కాలేయములోను గ్లూటథయోనే కావలి. జ్వరమునకు వాడు పారాసిటమాల్ నుండి కొంత విషపదార్థము పుట్టును. మందు మితముగా మ్రింగినచో గ్లూటథయోన్ ఆ విషమును అణచివేయును. మోతాదు మిక్కిలి మీరినచో గ్లూటథయోన్ నిల్వ తరిగిపోవును. అంతట విషము కాలేయకణములనే పట్టి నాశనము చేయును.