దురభిమానము - ఒక పదవిచారము

ఇటీవల ఒక గృహస్థుడు తన మనుమడు బడిలో వ్రాయవలసిన వ్యాసము కొరకై నన్ను ప్రశ్నించెను. "మత దురభిమానము, ప్రాంత దురభిమానము అని పత్రికలలో చదువుచున్నాము గదా! అభిమానము మంచిదే అయినచో దానికి 'దుర్' ఎట్లు చేరినది?" ప్రశ్న చిన్నదే గాని, సమాధానము చెప్పబోయి నేను చాలసేపు ఆలోచింపవలసి వచ్చినది.

'మన్' ధాతువునకు తలంచుట యని అర్థము. 'అభి' యను ఉపసర్గ చేరగా అభిమానమైనది. అనగా ఒకదానిని తనవైపునకు త్రిప్పుకొని 'ఇది నేను, ఇది నాది' యని తలంచుట. సాంఖ్యులు అహంకారమునకు లక్షణము చెప్పవలసినప్పుడు ఈ యొక్క మాటతోనే చెప్పిరి. దేహమే ఆత్మ యను భ్రాంతిని వేదాంతులు దేహాత్మాభిమాన మందురు. గీతయందు పదునారవ అధ్యాయమున ఆసురసంపదను లెక్కించుచోట కొన్ని ప్రతులలో 'అభిమానము' అనియు, కొన్నింట 'అతిమానము' అనియు పాఠము కలదు. ఏ పాఠమైనను అది మెచ్చుకోలు కాదు. సంస్కృతమున ఈ మాట తరచుగా దోషమునే తెలుపుచుండ, 'దుర్' చేర్చవలసిన యక్కర యంతగా లేదు.

తెలుగున నది మెత్తబడినది. 'వారికి మాయందు మిక్కిలి అభిమానము' అన్నచో ప్రేమ. 'అభిమానము గల మనిషి' అన్నచో పరువును కాపాడుకొనువాడు. మంచి యర్థము ఇట్లు స్థిరపడుటచేతనే చెడును వేరుగా చూపుటకు 'దుర్' అవసరమైనది. దురభిమాన మను సమాసము సంస్కృతమునను కలదు గాని, తెలుగున దానికింత పని పడుటకు కారణ మిదియే యని నా తలంపు.

ఇచ్చట శ్రీవైష్ణవులు గమనింపదగిన విశేషమొకటి యున్నది. పిళ్ళై లోకాచార్యులు అర్థపంచకమున కర్మ, జ్ఞాన, భక్తి, ప్రపత్తుల తరువాత ఆచార్యాభిమానమును ఐదవ ఉపాయముగా చెప్పిరి. ఇది శిష్యుడు ఆచార్యునిపై చూపు ప్రీతి యని పలువురు పొరబడుదురు. కాదు. ఆచార్యుడు శిష్యుని 'వీడు నావాడు' అని స్వీకరించుటయే ఆచార్యాభిమానము. మాట యొక్కటే, 'నాది' యను తలంపును ఒక్కటే. ఒకచోట బంధించుచున్నది, వేరొకచోట తరింపజేయుచున్నది. భేదమెక్కడ? 'నావాడు' అనుటచేత ఒకడు లోనికి చేర్చుకొనబడుచున్నాడా, లేక మరియొకడు వెలికి త్రోయబడుచున్నాడా యని చూడవలెను. వెలికి త్రోయునదే దురభిమానము. ఆ లోకాచార్యులే శ్రీవచనభూషణమున, భాగవతుని జన్మను విచారించుటను అర్చామూర్తి యే ద్రవ్యముతో చేయబడినదో విచారించుటకంటెను క్రూరమైన అపరాధముగా నిర్ణయించిరి.

తిరుప్పాణాళ్వారుల కథ పాఠకులెరిగినదే. కావేరీతీరమున గానపరవశులై దారి తొలగని యాళ్వారులపై రాయి విసరినవారును, పిదప రంగనాథుని యాజ్ఞచే వారిని భుజములపై మోసికొని సన్నిధికి చేర్చినవారును లోకసారంగమునియే యని సంప్రదాయము. అందుచేతనే వారికి మునివాహను లని పేరు. 2018 ఏప్రిల్ నెలలో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి ఆలయమున చిలుకూరు ఆలయార్చకులు ఒక దళిత భక్తుని భుజముల నెక్కించుకొని లోనికి కొనిపోయిరి. నేను చూడలేదు, పత్రికలలో చదివి ఆ పూట తిరుప్పాణాళ్వారుల పాశురములను అనుసంధించుకొంటిని.

ఇక అసహన మను మాట. బాలుడు తన వ్యాసమున దురభిమానమునకు బదులు అసహన మని వ్రాసిన తప్పు కాదు గాని, అది దురభిమానము యొక్క ఫలము. 'సహ' ధాతువునకు వేదమున జయించుట యను అర్థము ప్రసిద్ధము. లోకమున ఓర్చుట యనియే వాడుక. ప్రతిదినము మనము పారాయణము చేయు విష్ణుసహస్రనామమున 'సహిష్ణుః' అను నామము రెండు పర్యాయములు వచ్చును. ఇందలి 'ఇష్ణుచ్' ప్రత్యయము స్వభావమును తెలుపునదిగా పాణిని విధించెను. ఒకప్పుడు ఓర్చి ఊరకుండువాడు సహిష్ణువు కాడు. ఓర్చుట స్వభావముగా గలవాడే సహిష్ణువు. ఆ స్తోత్రముననే 'అమానీ, మానదః' అని వరుసగా వచ్చును. తాను మానము లేనివాడు, ఇతరులకు మానము నిచ్చువాడు. ఇదియు ఆ 'మన్' ధాతువే.

ఈ ప్రత్యయమును ఎందరికో పాఠము చెప్పితిని. కాని సుమారు నలువదియేండ్ల క్రిందట ఒక క్షేత్రమున, సత్రపు పంక్తిలో నా ప్రక్కన కూర్చున్న వృద్ధుని ఊర్ధ్వపుండ్రము మా సంప్రదాయపు తీరున లేదని విస్తరి జరుపుకొని వేరొక పంక్తికి పోతిని. ఆయన ఏమియు ననలేదు. ఆ సాయంకాలము సేవాకాలమున నేనొక పాశురము మధ్య తడబడగా, తరువాతి పదమును వెనుకనుండి ఎవరో మెల్లగా అందించిరి. తిరిగి చూడ ఆ వృద్ధుడే. గోష్ఠి ముగిసి తీర్థప్రసాదములు స్వీకరించి బయటికి వచ్చితిమి. ఆయన ఊరేదో నేను అడుగలేదు.