ఊదారంగు చెప్పే సాక్ష్యం
(ఇంటర్ విద్యార్థులకు కర్బన రసాయన పరీక్షలపై ఒక పాఠం)



దాతలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫీజు కట్టాం, పుస్తకాలు కొనిచ్చాం, మళ్ళీ ఈ ల్యాబు ఖర్చు ఎందుకు సార్? పరీక్షలన్నీ గైడులో ఉన్నాయి కదా!" ఉన్నాయి. ఫినాల్‌కు ఫెర్రిక్ క్లోరైడ్ కలిపితే ఊదారంగు, ఆల్డిహైడ్‌కు టాలెన్స్ కారకం కలిపితే వెండి అద్దం అని పట్టిక వేసి మరీ ఇస్తారు. మన స్కాలర్‌షిప్ పిల్లల్లో చాలామందికి ఆ పట్టిక కంఠతా వచ్చు. పరీక్షనాళిక మాత్రం చేతిలోకి రాలేదు. అయితే ఏమిటి నష్టం? ఒక మాత్ర ఆధారంగా చెబుతాను.

ముందు ఒక మాట. కర్బన పదార్థాలు లక్షల్లో ఉన్నాయి. అన్నిటినీ విడివిడిగా నేర్చుకోవడం ఎవరి తరమూ కాదు. అణువులో చర్యకు ముందుకు వచ్చే భాగాన్ని ప్రమేయ సమూహం అంటారు. అదే సమూహం ఉన్న పదార్థాలన్నీ ఒక కుటుంబంలాగా దాదాపు ఒకే తీరున ప్రవర్తిస్తాయి. ఆల్కహాల్ అనే మాట వినగానే మన ఇళ్ళలో కొందరు పెద్దలు ఇబ్బంది పడతారు. రసాయన శాస్త్రంలో అది ఒక్క పదార్థం పేరు కాదు, కుటుంబం పేరు. గులాబీ పూల వాసనకు తోడ్పడే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, సబ్బు తయారీలో వచ్చే గ్లిసరాల్ కూడా అందులోవే. ఆ మాట పుట్టింది 'అల్ కుహ్ల్' అనే అరబ్బీ మాట నుంచి, అంటే మనం కళ్ళకు పెట్టుకునే సుర్మా. 'అల్కలీ' కూడా అరబ్బీ నుంచి వచ్చిందే, మొక్కల బూడిద అని అర్థం.

ఇక మాత్ర సంగతి. ఆస్పిరిన్ అందరికీ తెలిసినదే. సాలిసిలిక్ ఆమ్లంలో ఒక ఫినాల్ సమూహం, ఒక కార్బాక్సిలిక్ ఆమ్ల సమూహం ఉంటాయి. దాన్ని ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో చర్య జరిపిస్తే ఫినాల్ సమూహం ఎస్టర్‌గా మారి ఆస్పిరిన్ వస్తుంది. 1897లో బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ దీన్ని శుద్ధంగా తయారుచేశాడు. 1899లో అది మార్కెట్‌లోకి వచ్చింది.

కొత్త ఆస్పిరిన్ మాత్రను నూరి, కొద్దిగా రెక్టిఫైడ్ స్పిరిట్‌లో కరిగించి, పైనున్న తేట ద్రవానికి రెండు చుక్కలు తటస్థ ఫెర్రిక్ క్లోరైడ్ కలపండి. ఊదారంగు రాదు, వచ్చినా లీలగా కనబడుతుంది. ఎందుకంటే అక్కడ స్వేచ్ఛగా ఉన్న ఫినాల్ సమూహం లేదు. ఇదే పరీక్షను ఏళ్ళ తరబడి తేమలో పడి ఉన్న మాత్రతో చేస్తే చిక్కని ఊదారంగు వస్తుంది. తేమకు ఎస్టర్ బంధం తెగి, సాలిసిలిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం విడిపోతాయి. మూత తీయగానే ముక్కుకు తగిలే వెనిగర్ వాసన ఆ ఎసిటిక్ ఆమ్లానిదే. అలాంటి మాత్రను వాడకూడదు. (ఇది చదివి, డాక్టరు రాసిన గుండె మాత్రను ఎవరూ సొంతంగా మానకండి. పాతదైతే కొత్తది కొనుక్కోండి.)

మొదటిసారి ఈ ప్రయోగం చేయించినప్పుడు కొత్త మాత్రే ఇచ్చాను. పట్టికలో ఊదారంగు అని చదివి వచ్చిన పిల్లలు దాదాపు అందరూ రికార్డులో 'ఊదారంగు వచ్చినది' అని రాశారు. ఒక్క అమ్మాయి నాళికను తెల్లకాగితం ముందు పెట్టి చాలాసేపు చూసి, "సార్, నాది చెడిపోయిందేమో, రంగు రాలేదు" అంది. చెడిపోయింది ఆమె ప్రయోగం కాదు బేటా, మిగతా వాళ్ళ రికార్డులు అన్నాను. వాళ్ళను తప్పు పట్టలేను. మా రోజుల్లో నేనూ సీనియర్ రికార్డు చూసి, చూడని రంగులు ఎన్నో రాశాను.

రంగు రావడానికి కారకం సరిగా ఉండాలి. సీసాలోని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ఆమ్లం ఉంటుంది. బలమైన ఆమ్లంలో ఊదారంగు వెలిసిపోతుంది. క్షారం ఎక్కువైతే గోధుమరంగు ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ అవక్షేపం పడి మోసం చేస్తుంది. అందుకే సజల సోడియం హైడ్రాక్సైడ్ చుక్క చుక్కగా వేసి, కొద్దిగా అవక్షేపం కనబడగానే ఆపి, వడపోసుకోవాలి. గైడులో 'తటస్థ' అనే ఒక్క మాటలో ఉన్నది ఈ పనంతా.

ఇప్పుడు అసలు చిక్కు. పారాసిటమాల్‌లో కూడా ఫినాల్ సమూహం ఉంది. అదీ ఊదారంగు ఇస్తుంది. రంగు చూసి 'పాత ఆస్పిరిన్' అని తేల్చేస్తే తప్పే. నికాహ్‌కు ఇద్దరు సాక్షులు ఉండాలి కదా, ఇక్కడా రెండో సాక్షి కావాలి. ఆ సాక్షి సోడియం బైకార్బొనేట్, మన వంటింటి సోడా ఉప్పు. ఆస్పిరిన్, సాలిసిలిక్ ఆమ్లం రెండింటిలోనూ కార్బాక్సిలిక్ ఆమ్ల సమూహం ఉంది కనుక బుడగలు వస్తాయి, కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పారాసిటమాల్‌తో రావు. సాధారణ ఫినాల్ బైకార్బొనేట్‌ను కదిలించలేనంత బలహీన ఆమ్లం. పిక్రిక్ ఆమ్లం లాంటి నైట్రో ఫినాల్‌లు మాత్రం కదిలిస్తాయి, ఆ మినహాయింపు గుర్తుంచుకోండి.

బ్రోమిన్ నీటి పరీక్షా ఇలాంటిదే. ద్విబంధం ఉన్న ఆల్కీన్ దాని రంగు పోగొడుతుంది. ఫినాల్ కూడా పోగొడుతుంది, కానీ తెల్లని ట్రైబ్రోమోఫినాల్ అవక్షేపం ఇస్తుంది. రంగు పోవడం మాత్రమే చూసి, అడుగున ఏం పడిందో చూడని విద్యార్థి తప్పు పేరు రాస్తాడు. ఆల్డిహైడ్‌ల విషయంలో 2,4-డైనైట్రోఫినైల్ హైడ్రజీన్ ఇచ్చే పసుపు లేదా నారింజ అవక్షేపం కార్బొనైల్ సమూహం ఉందని మాత్రమే చెబుతుంది. అది ఆల్డిహైడా, కీటోనా అన్నది టాలెన్స్ తేలుస్తుంది. బెంజాల్డిహైడ్ టాలెన్స్‌కు లొంగుతుంది, ఫెహ్లింగ్‌కు లొంగదు. ఫ్రక్టోజ్ కీటోన్ అయినా క్షార ద్రావణంలో రూపం మార్చుకుని రెండింటికీ లొంగుతుంది. పరీక్షల్లో ఇష్టంగా అడిగే ప్రశ్న ఇది.

ఎనిలీన్ రంగు పరీక్షకు ఐసు తప్పనిసరి. సోడియం నైట్రైట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో డయజోనియం లవణం చేసేటప్పుడు 0 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు, దాటితే అది విచ్ఛిన్నమైపోతుంది. చల్లగా ఉంచి క్షారంలో కరిగించిన బీటా నాఫ్తాల్‌లో పోస్తే నారింజ ఎరుపు రంగు పదార్థం పడుతుంది. మే నెలలో మేము షర్బత్ బండి దగ్గర ఐసు కొని గోనె సంచిలో తెచ్చి చేశాం.

వెండి అద్దం చూసి పిల్లలు మురిసిపోతారు, చూడవలసిందే. అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్‌ను మాత్రం అప్పటికప్పుడే చేసుకోవాలి. నాళికను వేడినీటిలో నిలపాలి, నేరుగా మంట మీద పెట్టకూడదు. మిగిలిన ద్రావణాన్ని రేపటికని దాచకూడదు. నిల్వ ఉంటే పేలే పదార్థం ఏర్పడుతుంది. పని కాగానే సజల నైట్రిక్ ఆమ్లం కలిపి పారబోయాలి. ఈ జాగ్రత్త చూపించేందుకు పిల్లల పక్కన ఒక మనిషి నిలబడి ఉండాలి, వాళ్ళ కళ్ళకు అద్దాలు ఉండాలి. దాతలు అడిగిన ల్యాబు ఖర్చులో ఎక్కువ భాగం ఈ రెండింటికే. ఫెర్రిక్ క్లోరైడ్ చిన్న సీసా ఒకటి కొంటే ఏడాదంతా వస్తుంది.