దూరపు బోరుకు ఎంత లావు తీగ వేయవలెను?

వరి పొట్టమీద ఉండగా మోటారు కాలిపోయినచో రైతు పడు అవస్థ చెప్పనలవి కాదు. వైండింగు చేయించి తెచ్చుసరికి మడి నెర్రెలు తీయును. అప్పుడు మోటారును నిందించుట సహజమే. కాని చాలచోట్ల దోషము స్తంభము నుండి బోరు వరకు సాగిన సన్నని తీగలో ఉండును.

"ఈ తీగ ఇన్ని ఆంపియర్లు మోయును" అని దుకాణములో చెప్పు మాట తీగ వేడెక్కకుండుటకు సంబంధించినది మాత్రమే. దూరము సంగతి అందులో లేదు. బోదె పొడుగైనకొలది చివరి మడికి నీటి ఉరవడి తగ్గినట్లే, తీగ పొడుగైనకొలది మోటారుకు అందు వోల్టేజి తగ్గును.

ఒక లెక్క చూడుడు. 5 అశ్వశక్తుల త్రీఫేజు మోటారు 415 వోల్టుల వద్ద సుమారు 7.5 ఆంపియర్లు తీసుకొనును. (మీ మోటారు రేకుపై ఉన్న అంకెనే మీరు తీసుకొనుడు.) మీటరు నుండి బోరు వరకు 140 మీటర్లు, బోరులో మోటారు 60 మీటర్ల లోతున ఉన్నది. ఈ లోతును పలువురు మరచిపోవుదురు! మొత్తము 200 మీటర్లు. ఆంపియర్లను ఒక తీగ నిరోధముతోను, మరల 1.73 తోను హెచ్చించినచో తగ్గు వోల్టులు తెలియును. సింగిల్ ఫేజునకు 1.73 బదులు 2 తీసుకొనవలెను.

2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు 7.41 ఓముల నిరోధము. 200 మీటర్లకు 1.48. అనగా దారిలోనే 19 వోల్టులు పోవును. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ అయినచో 12, 6 అయినచో 8. నూటికి మూడు వంతులు, అనగా 12 వోల్టులకు మించి పోనీయకుండుట మంచిది. కనుక ఇచ్చట 4 సరిపోవును. లైనులో వోల్టేజి తరచు తగ్గు ఊళ్లలో 6 వేయుడు. అల్యూమినియము తీగ అయినచో 4కు బదులు 6, 6కు బదులు 10 కావలెను.

19 వోల్టులే గదా అనుకొనరాదు. సాయంకాలము లైనులోనే 360 ఉన్నప్పుడు మోటారుకు అందునది 341. అదే నీటిని తోడుటకు అది ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కును. బయలుదేరునపుడు అయిదారు రెట్లు లాగును గనుక ఆ క్షణమున వోల్టేజి మరింత పడిపోవును. వోల్టేజి పదవ వంతు తగ్గినచో త్రిప్పు బలము అయిదవ వంతు తగ్గును. మోటారు గుర్రుమనుచు తిరుగక నిలుచును, రిలే పడిపోవును. అప్పుడు రిలేను కట్టివేయుమని సలహా చెప్పువారు ప్రతి ఊరిలోను ఉందురు, వినకుడు.

ఇప్పటికే తీగ వేసినవారు, మోటారు నడచుచుండగా అనుభవముగల ఎలక్ట్రీషియనుచే మీటరు వద్దను, బోరు వద్దను వోల్టులు కొలిపించి తేడా చూచుకొనుడు. బోరులోని తీగలో తగ్గునది దీనికి అదనము. మీటరు వద్దనే తక్కువగా ఉన్నచో లావు తీగ దానికి మందు కాదు. విద్యుత్ కార్యాలయమునకు వ్రాయవలెను.

అతుకులు వీలైనంత తగ్గించుడు. రాగిని, అల్యూమినియమును నేరుగా మెలివేయరాదు. తేమకు ఆ అతుకు తినివేయబడి కాలును. రెండింటికి పనికివచ్చు ప్రత్యేకపు లగ్గులు దుకాణములలో దొరకును.