విశాఖపట్నం చూసొద్దాం

శ్రీకాకుళం జిల్లాలో రణస్థలం పెద్ద రోడ్డు మీద ఉంది. విశాఖపట్నం వెళ్ళే బస్సులు ఆ రోడ్డు మీదే పోతాయి. రణస్థలం దగ్గర ఒక పల్లె ఉందనుకోండి. ఆ పల్లెలో ఒక పొదుపు సంఘం ఉంది. సంఘంలో పది మంది ఆడవాళ్ళు.

ఒకరోజు సాయంత్రం సంఘం సమావేశం జరిగింది. లెక్కలు రాయడం అయిపోయింది. అప్పుడు కొత్త కోడలు పెద్దత్తని అడిగింది.

"అత్తా, నువ్వు విశాఖపట్నం ఎన్నిసార్లు ఎల్లేవు?"

"రెండుసార్లు ఎల్లేనే. మీ మావకి కాలు ఇరిగినప్పుడు ఒకసారి. పెద్దోడికి ఆపరేషనప్పుడు ఒకసారి. కేజీహెచ్ ఆసుపత్రి తప్ప ఇంకేటీ సూడనేదు."

"సముద్రం సూడనేదా?"

"దూరం నుంచి అగుపించింది. దగ్గరికెల్లే తీరిక ఎక్కడిది?"

మిగతావాళ్ళు కూడా చెప్పారు. ఒకరు పురిటికి వెళ్ళారు. ఒకరు కంటి ఆపరేషనుకి వెళ్ళారు. ఒకరు రోగి దగ్గర కాపలాకి వెళ్ళారు. సరదాకి వెళ్ళినవారు ఒక్కరూ లేరు.

"రోగమొస్తేనే ఎల్లాలేటి? ఒకసారి సరదాకి ఎల్దుమా?" అంది సంఘం లీడరు.

"జనం ఏటనుకుంటారు?" అంది పెద్దత్త.

"మగోళ్ళు సినిమాకి ఎల్తారు. తీర్థాలకి ఎల్తారు. అప్పుడు జనం ఏటనుకున్నారు?" అంది లీడరు.

అందరూ నవ్వారు. వెళ్దామనుకున్నారు.

డబ్బు ఎలా?

"సంఘం సొమ్ము కొంత తీద్దాం. తర్వాత కట్టేద్దాం" అంది ఒకామె.

లీడరు ఒప్పుకోలేదు. "పొదుపు సొమ్ము కష్టానికి దాచుకున్నది. సరదాకి దాన్ని కదపొద్దు. అప్పు కూడా వద్దు. మనిషికి 500 రూపాయలైతే సాల్తాయి" అంది.

చిన్న వదిన ఇంతసేపూ మాట్లాడలేదు. ఆమె భర్త పనికోసం చెన్నై వెళ్ళాడు. డబ్బు పంపి రెండు నెలలయింది. "మీరెల్లి రండి. నాకు సముద్రమంటే భయం" అంది.

లీడరుకి సంగతి అర్థమయింది. చిన్న వదినకి భయం సముద్రమంటే కాదు. 500 రూపాయలంటే భయం. ఆ మాట నలుగురిలో అనలేదు. పుస్తకం తెరిచి లెక్క రాసింది. పైకి చదివింది.

"ఒక్కసారే 500 ఎవరం తేగలం? నాను మాత్రం తేలేను. వారానికి 25 రూపాయలు ఏద్దాం. ఇరవై వారాలకి 500 అవుతుంది. ఇనాయక చవితి దాటాక మొదలెడదాం. సంక్రాంతి దాటాక ఎల్దాం."

చిన్న వదిన వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. "వారానికి పాతికంటే నానూ కట్టగల్ను" అంది. సముద్రం భయం పోయింది.

ఈ డబ్బుకి వేరే డబ్బా పెట్టారు. వేరే పుస్తకం పెట్టారు. ఎవరు ఇచ్చిన డబ్బు ఎదురుగా వాళ్ళే సంతకం చేయాలి. కొత్త చీరలు కొనకూడదనుకున్నారు. ఉన్న చీరల్లో మంచిది కట్టుకుంటే చాలు.

ఏ రోజు వెళ్ళాలి?

ఉడుపులప్పుడు వెళ్ళలేరు. కోతలప్పుడు వెళ్ళలేరు. సంక్రాంతికి బస్సుల్లో రద్దీ ఎక్కువ. అందుకే సంక్రాంతి దాటిన తరువాత వెళ్ళాలనుకున్నారు. అప్పటికి పొలం పని తగ్గుతుంది. ఎండ కూడా ఉండదు.

వారంలో ఏ రోజు? కొత్త కోడలు సోమవారం అంది. "సోమారం వద్దు. ఆ రోజు జలాంతర్గామి మూసేస్తారు. జంతువుల పార్కు కూడా మూసేస్తారు" అంది లీడరు. ఆదివారం జనం ఎక్కువ. బుధవారం ఖాయం చేశారు.

ఎలా వెళ్ళాలి?

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న 'స్త్రీ శక్తి' పథకం మొదలయింది. ఈ పథకం కింద ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇది వర్తిస్తుంది. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సుల్లో వర్తించదు. నాన్‌స్టాప్ బస్సుల్లో కూడా వర్తించదు.

అందుకే బస్సు ఎక్కేముందు బోర్డు చదవాలి. ఊరి పేరు ఒక్కటే చదివితే చాలదు. ఏ రకం బస్సో కూడా చదవాలి.

ఆధార్ కార్డు గానీ, ఓటరు కార్డు గానీ, రేషన్ కార్డు గానీ వెంట ఉండాలి. కండక్టరు సున్నా టిక్కెట్టు ఇస్తారు. డబ్బు లేదు కదా అని టిక్కెట్టు వదలకూడదు. దిగేదాకా దాచుకోవాలి.

రణస్థలంలో ఎక్కితే భోగాపురం, తగరపువలస, ఆనందపురం, మధురవాడ, మద్దిలపాలెం వస్తాయి. తరువాత ఆర్టీసీ కాంప్లెక్స్. అక్కడే దిగాలి. పెద్దత్త ఈ పేర్లన్నీ తన పుస్తకంలో రాసుకుంది. దారిలో బోర్డులు తనే చదువుతానంది. "బాబూ, ఈ ఊరేటని ఇంకెవర్నీ అడగను" అంది.

ఏం చూడాలి?

ఒకామె సింహాచలం అంది. ఒకామె జంతువుల పార్కు అంది. ఒకామె అన్నీ చూడాలంది. ఒక్కరోజులో అన్నీ చూడలేరు. పరుగులు పెడితే అలసటే మిగులుతుంది. చేతులెత్తి ఓటు వేశారు. రెండు చోట్లు ఖాయమయ్యాయి.

పొద్దున్న కైలాసగిరి. అది సముద్రం పక్కన కొండ. కొండ మీద శివపార్వతుల పెద్ద తెల్లని విగ్రహాలు ఉన్నాయి. అక్కడి నుంచి చూస్తే సముద్రం, పట్నం రెండూ కనిపిస్తాయి.

మధ్యాహ్నం ఆర్.కె. బీచ్. అక్కడ 'కుర్సురా' అనే జలాంతర్గామి ఉంది. జలాంతర్గామి అంటే నీటి అడుగున నడిచే ఓడ. దీన్ని రష్యావాళ్ళు తయారుచేశారు. 1969లో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో కాపలా కాసింది. 2001లో విశ్రాంతి పొందింది. 2002 నుంచి జనం లోపలికి వెళ్ళి చూస్తున్నారు. పొడవు సుమారు 91 మీటర్లు. నావికులు ఎక్కడ పడుకునేవారో, ఎక్కడ వండుకునేవారో చూడవచ్చు. లోపల దారి ఇరుకు. కొన్ని చోట్ల వంగి దాటాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు బయట కూర్చోవడం మంచిది.

సాయంత్రం ఇసుకలో కూర్చోవాలి. మురీ మిక్చర్ తినాలి. కబుర్లు చెప్పుకోవాలి. అది కూడా కాగితం మీద రాసుకున్నారు.

ఒక్కొక్కరి ఖర్చు

టిక్కెట్లు – 200 రూపాయలు
మధ్యాహ్నం భోజనం – 120 రూపాయలు
టీ, చిరుతిళ్ళు – 40 రూపాయలు
ఆటో – 50 రూపాయలు
పిల్లలకి ఏమైనా కొనడానికి – 40 రూపాయలు
ఆపదకి దాచినది – 50 రూపాయలు
మొత్తం – 500 రూపాయలు

పొద్దుటి టిఫిను ఇంటి నుంచే. ఇద్దరు పులిహోర చేస్తారు. ఇద్దరు మంచినీళ్ళు తెస్తారు. టిక్కెట్ల ధరలు, వేళలు మారుతుంటాయి. వెళ్ళేముందు మళ్ళీ కనుక్కోవాలి. డబ్బు మిగిలితే అందరికీ సమానంగా పంచాలి.

ఇంట్లో ఎలా చెప్పాలి?

వారం ముందే చెప్పాలనుకున్నారు. ఒకామె భర్త విని ముఖం చిట్లించాడు.

"ఆడోళ్ళే ఎల్తారా? తోడు ఎవరు?"

"పది మందిమి. ఒకరికొకరం తోడు" అందామె. కాగితం చేతికిచ్చింది. ఏ బస్సు ఎక్కుతారో అందులో ఉంది. ఎక్కడెక్కడికి వెళ్తారో ఉంది. ఎన్నింటికి తిరిగి వస్తారో ఉంది. లీడరు ఫోను నంబరు ఉంది. అతను రెండుసార్లు చదివాడు.

"ఈ రాత ఎవరిది?"

"నాదే."

అతను కాసేపు మాట్లాడలేదు. "సరే. ఆ పూట పాలు నాను పిండుతాను. పిల్లల్ని బడికి నువ్వే సిద్ధం చేసి ఎల్లు" అన్నాడు.

"పిల్లల్ని కూడా నువ్వే సూడాలి. తెల్లారకముందే బస్సు" అందామె.

జాగ్రత్తలు

1. ఇద్దరిద్దరు జతగా ఉండాలి. జత వదలకూడదు.
2. ఎవరైనా తప్పిపోతే 'కుర్సురా' దగ్గరికి రావాలి. అది ఎవరిని అడిగినా చెబుతారు.
3. ఇంటి నంబరు, లీడరు నంబరు కాగితం మీద రాసి రవికలో పెట్టుకోవాలి. సెల్‌ఫోను పోయినా కాగితం ఉంటుంది.
4. ఆపద వస్తే 112కి ఫోను చేయాలి. ఆడవాళ్ళ సాయానికి 181 ఉంది.
5. బంగారం ఇంట్లో ఉంచాలి. డబ్బంతా ఒకరి దగ్గరే ఉంచకూడదు.
6. సముద్రంలో స్నానం చేయకూడదు. ఆర్.కె. బీచ్‌లో అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసుకని లాగేస్తుంది. మనిషిని కూడా లాగుతుంది. ఈత వచ్చినవారు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పాదాలు తడిస్తే చాలు.
7. చీకటి పడకముందే ఆర్టీసీ కాంప్లెక్స్ చేరుకోవాలి.

ఆలోచించండి – మాట్లాడండి

1. చిన్న వదిన మొదట ఎందుకు రానంది? లీడరు ఆ సంగతి నలుగురిలో ఎందుకు అనలేదు?
2. పొదుపు సొమ్ము తీసుంటే ఏమయ్యేది?
3. మీరు పట్నం ఎందుకు వెళ్ళారు? సరదాకి ఎప్పుడైనా వెళ్ళారా?
4. ఇంట్లో ఒప్పుకోకపోతే మీరు ఏం చెబుతారు?

లెక్క చేయండి

1. పది మంది వారానికి 25 రూపాయల చొప్పున వేస్తే వారానికి ఎంత? ఇరవై వారాలకి ఎంత?
2. ఒక్కొక్కరికి 500 రూపాయలు. 435 రూపాయలు ఖర్చయితే మిగిలింది ఎంత?

రాయండి

మీ సంఘం చూడాలనుకునే ఊరి పేరు రాయండి. ఏ రోజు, ఏ బస్సు, ఎంత డబ్బు, ఎవరెవరు అని రాయండి. ప్రతి పేరు ఎవరిది వాళ్ళే రాయాలి.