సభ్య విద్యా పాఠం: సెల్‌ఫోను కంపెనీని, ప్లానును ఎంచుకోవడం ఎలా?



పాడి రైతుకు సెల్‌ఫోను నేడు సరదా వస్తువు కాదు. పాల కొలత, వెన్న శాతం, పక్షం బిల్లు బ్యాంకులో జమ అయిన సంగతి చాలా సంఘాలలో ఫోనుకే వస్తున్నాయి. బ్యాంకు ఖాతాకు, ఆధారుకు ఆ నంబరే జతపడి ఉంటుంది. ఈనిక కష్టమైన రాత్రి పశువుల డాక్టరును పిలవాలన్నా అదే దిక్కు. అయినా సిమ్ కార్డు విషయంలో మనం చూపే శ్రద్ధ తక్కువ. గేదెను కొనేటప్పుడు రెండు పూటలా పిండి చూడనిదే బయానా ఇవ్వము. సిమ్ కార్డును మాత్రం అంగడివాని మాట మీద కొంటున్నాము. గేదెకు పాటించే పద్ధతినే దీనికీ పాటించవలెనని చెప్పడమే ఈ పాఠం ఉద్దేశం.

ఈ పాఠానికి హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్టలను ఉదాహరణగా తీసుకుంటున్నాము. మన సభ్యుల పిల్లలు ఎందరో కంప్యూటరు శిక్షణకని వచ్చి అమీర్‌పేట హాస్టళ్ళలో ఉంటున్నారు. పెద్ద జబ్బు చేస్తే మనవారు వచ్చేది పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి. ఊరికీ ఈ రెండు చోట్లకూ మధ్య మాట తెగకుండా ఉండడం అనేక కుటుంబాలకు అవసరం.

పూర్వాపరాలు

మన దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తా నుండి జరిగింది. ఆ రోజులలో నిమిషానికి సుమారు 16 రూపాయలు పడేది. మనకు వచ్చిన ఫోనుకు కూడా మనమే డబ్బు కట్టేవారము. 2003 మే నుండి వచ్చే ఫోనుకు రుసుము పోయింది. ఆ తరువాత కంపెనీలు చాలా వచ్చాయి, చాలా పోయాయి. నేడు మన రెండు తెలుగు రాష్ట్రాలలో జియో, ఎయిర్‌టెల్, వీఐ అనే ప్రైవేటు కంపెనీలు మూడు, ప్రభుత్వ రంగంలోని బీఎస్ఎన్ఎల్ ఒకటి, మొత్తం నాలుగు మిగిలాయి. వీటిపై అజమాయిషీ 1997లో ఏర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ, అనగా ట్రాయ్, చేస్తున్నది.

ముందు సిగ్నల్, తరువాత ధర

ఏ కంపెనీ మంచిది అని సభ్యులు మమ్ములను అడుగుతుంటారు. అన్ని ఊళ్ళకూ సరిపడే జవాబు దీనికి లేదు. పక్క ఊరిలో బాగా పలికే కంపెనీ మన ఊరిలో పలకకపోవచ్చును. కనుక ఆ కంపెనీ సిమ్ ఉన్న ఇరుగుపొరుగువారి ఫోనుతో నాలుగు చోట్ల పరీక్షించవలెను: ఇంటి లోపలి గది, పశువుల కొట్టం, పాల కేంద్రం, పొలం. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి చూడవలెను. గీతలు లెక్కపెడితే చాలదు, మాట్లాడి చూడవలెను.

పట్నంలో పరీక్ష వేరుగా ఉంటుంది. అమీర్‌పేటలో టవర్లకు కొదవ లేదు, కాని జనం ఎక్కువ. మెట్రో రైలు ఎర్ర మార్గం, నీలి మార్గం కలిసే స్టేషను అదే. ఒక్క టవరును వేలమంది ఒకేసారి వాడినప్పుడు, ఉదయం పాల కేంద్రం వద్ద ఒకే తూకం ముందు ఊరంతా క్యాన్లు పెట్టుకుని నిలబడినట్లు అవుతుంది. గీతలు నిండుగానే కనబడతాయి, పని మాత్రం సాగదు. అందుచేత అక్కడ సాయంత్రం రద్దీ వేళలోనే పరీక్షించవలెను. హాస్టలు లోపలి గదిలో, సెల్లారులోని క్లాసులో, ఆసుపత్రి వార్డులో మందపాటి గోడలు సిగ్నలును తగ్గిస్తాయి. ఎక్కడెక్కడ సిగ్నల్ ఉన్నదో చూపే పటాలను కంపెనీలు తమ వెబ్‌సైట్లలో ఉంచాలని ట్రాయ్ 2024లో నిబంధన పెట్టింది. ఆ పటం తోవ చూపుతుంది గాని గది లోపలి సంగతి చెప్పదు.

చేతిలోని ఫోను

సిమ్ కొనే ముందు ఫోను దానికి తగినదేనా అని చూసుకోవలెను. జియోకు 2జీ సౌకర్యం లేదు. కనుక ఇంట్లో పెద్దవారి దగ్గరున్న పాత 2జీ బటన్ల ఫోనులో ఆ సిమ్ పనిచేయదు. అలాగే 5జీ ప్లాను తీసుకున్నా, ఫోను 5జీది కాకపోతే ఆ ఫలితం దక్కదు.

రోజు లెక్క

ప్లాను ధరను రోజు లెక్కకు మార్చి చూడవలెను. ఈ క్రింది అంకెలు లెక్క నేర్చుకోవడానికి మేము వేసినవే గాని ఏ కంపెనీ ధరలూ కావు.

28 రోజుల ప్లాను 280 రూపాయలు: రోజుకు 10 రూపాయలు.
84 రోజుల ప్లాను 798 రూపాయలు: రోజుకు 9 రూపాయల 50 పైసలు.
365 రోజుల ప్లాను 3,285 రూపాయలు: రోజుకు 9 రూపాయలు.

28 రోజులను నెల అనుకోరాదు. ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు కట్టవలసి వస్తుంది. పై లెక్కన అది 3,640 రూపాయలు. ఏడాది ప్లానుకంటే 355 రూపాయలు ఎక్కువ. 30 రోజుల ప్లాను ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి కట్టే ప్లాను ఒకటి తప్పక ఉంచాలని 2022 జనవరిలో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. అడిగి తెలుసుకోవలెను.

వాడకం కూడా చూసుకోవలెను. అమీర్‌పేటలో చదువుకునే అబ్బాయికి రోజుకు 2 జీబీ కావచ్చు. ఊళ్ళో అమ్మకు మాట్లాడడం, బ్యాంకు సందేశం రావడం చాలు. డేటా అక్కరలేనివారికి మాటలకు, ఎస్.ఎం.ఎస్.లకు మాత్రమే వర్తించే వోచరు ఉంచాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన చేసింది. అమ్మ ఫోనుకు అబ్బాయి ప్లానే వేయిస్తే, వాడని డేటాకు డబ్బు కట్టినట్లే.

పాడి రైతుకు మరొక సంగతి ఉన్నది. గేదె వట్టిపోయిన నెలలలో బిల్లు రాదు. సరిగ్గా అప్పుడే రీఛార్జి గడువు ముగిస్తే ఫోను మూగపోతుంది. కనుక పాలు ఎక్కువగా ఉండే శీతకాలపు బిల్లులోనే పెద్ద ప్లాను కట్టుకోవడం మేలు. అయితే కొత్త కంపెనీకి మొదటి రోజునే ఏడాది డబ్బు కట్టరాదు. ఒక నెల వాడి, సిగ్నల్ నిలకడ చూసుకున్న తరువాతే కట్టవలెను. కంపెనీ మారితే మిగిలిన ప్లాను వెంట రాదు.

నంబరు మారకుండా కంపెనీ మార్చుకొనుట

2011 జనవరి 20 నుండి దేశమంతటా ఈ హక్కు ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలలో పోర్ట్ అని, ఖాళీ వదిలి, తన పది అంకెల నంబరు వ్రాసి 1900కు ఎస్.ఎం.ఎస్. పంపవలెను. తిరిగి ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. అది మన ప్రాంతంలో నాలుగు రోజులు చెల్లుతుంది. దానితో కొత్త కంపెనీ దుకాణానికి వెళ్ళవలెను. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు నిండి ఉండవలెను, పోస్టుపెయిడ్ అయితే బకాయి తీర్చి ఉండవలెను. సిమ్ పోయి కొత్త సిమ్ తీసుకున్నట్లయితే, ఆ పైన ఏడు రోజులు కోడ్ ఇవ్వరు. ఈ నిబంధన 2024 జూలై నుండి ఉన్నది, మోసగాండ్రను ఆపడానికి పెట్టారు.

టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ నేటికీ ఒకే సర్కిలు. ఈ సర్కిలులోనే కంపెనీ మారితే మూడు పనిదినాలు, వేరే సర్కిలు నంబరు అయితే ఐదు పనిదినాలు పడుతుంది. పక్షం బిల్లు వచ్చే రోజులలో గాని, ఆసుపత్రిలో మనవారు ఉన్నప్పుడు గాని ఈ మార్పు పెట్టుకోరాదు. మారే వేళ కొంతసేపు ఫోను పనిచేయదు.

నంబరు చేజారనివ్వరాదు

ఊరు విడిచి పట్నం చేరగానే పాత సిమ్‌ను పెట్టెలో పడవేసి కొత్తది కొనడం మేము తనిఖీకి వెళ్ళిన సంఘాలలో తరచుగా చూస్తున్నాము. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు ఏ విధంగానూ వాడకపోయి, నిల్వ 20 రూపాయలకు తక్కువగా ఉంటే, కంపెనీ దానిని తీసివేయవచ్చును. ఆ మీదట కనీసం 90 రోజులు గడిచాక అది వేరొకరికి పోవచ్చును. అప్పటికీ మన బ్యాంకు ఖాతాకు ఆ నంబరే ఉంటే బిల్లు కబురు, ఓ.టి.పి. పరాయి చేతికి చేరుతాయి. నంబరు వదిలేముందు బ్యాంకులో, ఆధారులో, సంఘం పుస్తకంలో మార్పించవలెను.

దుకాణంలో వేలిముద్ర పడలేదని మళ్ళీ మళ్ళీ వేయించుకుంటే ఎందుకో అడగవలెను. మన పేర ఎన్ని నంబర్లు ఉన్నాయో ప్రభుత్వపు సంచార్ సాథీ పోర్టల్‌లో చూడవచ్చును. మనవి కానివి ఉంటే అక్కడే తెలియజేయవచ్చును. కంపెనీపై ఫిర్యాదుకు 198 నంబరు. ఫిర్యాదు సంఖ్య వ్రాసి ఉంచుకోవలెను. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి 30 రోజులలోగా చెప్పుకోవచ్చును.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన పాల కేంద్రం లోపల ఏయే కంపెనీల సిమ్‌లతో స్పష్టంగా మాట్లాడగలుగుతున్నాము?
2. మీ ప్లాను రోజుకు ఎంత పడుతున్నది? వాడని డేటాకు కడుతున్నారా?
3. సంఘం పుస్తకంలో, బ్యాంకులో ఉన్న మీ నంబరు నేడు మీ చేతిలో ఉన్నదేనా?

మూడవ ప్రశ్నకు ప్రతి సభ్యుని చేతా జవాబు చెప్పించి, తేడా ఉన్నచోట వచ్చే పక్షం బిల్లుకు ముందే సరిచేయించవలసినదిగా కార్యదర్శులను కోరుతున్నాము.