కౌంటర్ ముందు ఒక కుర్చీ

ప్రశ్న: రామకృష్ణాపూర్‌లో నాది మందుల షాపు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది సింగరేణి రిటైర్డ్ కార్మికులే. వాళ్ల కోసం ప్రత్యేకంగా ఖర్చు పెడితే గిట్టుబాటవుతుందా?

జవాబు: అవుతుంది, కాకపోతే డిస్కౌంట్ ఫ్లెక్సీతో కాదు. 1998 నాటి బొగ్గుగని పింఛను పథకంలో కరువు భత్యం లేదు. ధరలు పెరిగినా పింఛను వాటి వెంట పెరగదు. మరి కొనే శక్తి ఏదంటారా? నిజమే, పెద్ద బిల్లు కాదు. కానీ బీపీ, షుగర్ మాత్రలు నెల తప్పితే కుదరదు. అంత నమ్మకమైన గిరాకీ కుర్రకారు దగ్గర దొరకదు. దాన్ని నిలబెట్టేవి చిన్న ఏర్పాట్లే: కూర్చోవడానికి కుర్చీ, మెట్ల పక్కన పట్టుకునే గొట్టం, మాత్రల కవరు మీద మార్కర్‌తో లావుగా ‘పొద్దున ఒకటి, తిన్నాక’. గనిలో డ్రిల్లింగ్ మోతలో ఏళ్లు గడిపినవాళ్లకు చెవులు మందగించడం మామూలే. అరవకండి, ముఖం చూసి నిదానంగా చెప్పండి.

ఇదంతా సేవ, వ్యాపారం కాదనే వాదన ఉంది. కానీ పింఛనుదారులు బతికే ఉన్నట్టు నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ సంగతే చూడండి: అరిగిన వేలిముద్రలు యంత్రానికి పడవు, అయితే ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చే వీలు 2021లో వచ్చింది. ఆ పదినిమిషాల సాయం చేసిన షాపును వదిలి ఆ పెద్దాయన ఇంకోచోటికి ఎందుకు వెళ్తాడు? ఆధార్ జిరాక్సు మాత్రం మీ దగ్గర ఉంచుకోకండి. ఓటీపీ ఆయన ఎదుటే, ఆయన ఫోన్‌లోనే.