అధికారం లేని బాధ్యత: ప్రోడక్ట్ మేనేజరుకు కావలసిన మృదు నైపుణ్యాలు

ఇటీవలి కాలంలో ఉద్యోగ ప్రకటనలలో ‘ప్రోడక్ట్ మేనేజరు’ అనే మాట తరచుగా కనబడుతోంది. 2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటి నెలకొన్నది మొదలు ఆగిరిపల్లి పరిసరాల విద్యార్థులకు సాఫ్ట్‌వేర్ రంగంలోని ఇట్టి పదవుల పేర్లు కొత్త కావు. అయితే ఈ పదవికి కావలసిన యోగ్యతలేమిటని అడిగితే కంప్యూటరు పరిజ్ఞానం, ధారాళమైన ఇంగ్లీషు అని మన విద్యార్థులలో చాలామంది చెబుతారు. సాఫ్ట్ స్కిల్స్ అనగానే ఇంగ్లీషు ఉచ్చారణ, కరచాలనం చేసే తీరు, మెడలో టై గుర్తుకు వస్తాయి. ఈ భావన వలన తెలుగు మాధ్యమంలోనో ఉర్దూ మాధ్యమంలోనో చదివి వచ్చిన వారు కొందరు, ఆ పదవులు తమకు అందేవి కావని ముందే తీర్మానించుకొని దరఖాస్తు సైతం చేయడం లేదు. ఆ తీర్మానం సరైనది కాదని మా అభిప్రాయం. అందుకు గల కారణాలను ఈ వ్యాసంలో వివరించదలచాము.

పదవి స్వరూపం

ఒక వస్తువును తయారుచేసేవారు కొందరు, అమ్మేవారు కొందరు, వాడేవారు వేరొకరు. వాడేవారికి ఏది అవసరమో తెలుసుకొని, అనేక అవసరాలలో దేనిని ముందు తీర్చాలో నిర్ణయించి, ఆ వస్తువు వారికి ప్రయోజనపడే వరకు బాధ్యత వహించే వ్యక్తి ప్రోడక్ట్ మేనేజరు. ఆ వస్తువు సబ్బు కావచ్చు, బస్సు టిక్కెట్టు కొనే వెబ్‌సైటు కావచ్చు.

ఈ పదవి చరిత్రను సబ్బు వ్యాపారం నుంచి మొదలుపెట్టి చెప్పడం పరిపాటి. 1931 మే 13న అమెరికాలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థలో కామే సబ్బు ప్రచారం చూస్తున్న నీల్ మెకెల్‌రాయ్ అనే యువ ఉద్యోగి మూడు పుటల నివేదిక రాశాడు. ఒక్కొక్క సరుకుకు ప్రత్యేకంగా బాధ్యులు ఉండాలనీ, ఆ సరుకు ఎక్కడ బాగా అమ్ముడుపోతోందో, ఎక్కడ పోవడం లేదో వారు స్వయంగా పరిశీలించి కారణం కనిపెట్టాలనీ దాని సారాంశం. ఆ ఉద్యోగి కాలక్రమంలో ఆ సంస్థకే అధ్యక్షుడై, 1957లో అమెరికా రక్షణ మంత్రి కూడా అయ్యాడు.

ఈ పదవిలో ఒక చిక్కు ఉంది. ప్రోగ్రాములు రాసే ఇంజనీర్లు సాధారణంగా ప్రోడక్ట్ మేనేజరు కింద పనిచేసేవారు కారు. అమ్మకాల శాఖకు, లెక్కల శాఖకు వేరే అధికారులు ఉంటారు. కొనేవారు సరేసరి, ఎవరి మాటా వినవలసిన అవసరం వారికి లేదు. ఫలితానికి జవాబు చెప్పవలసినది మాత్రం ఇతడే. బాధ్యత పూర్తిగా ఉండి, ఆజ్ఞాపించే అధికారం లేని స్థితి ఇది.

మన ప్రాంతంలో మామిడి కోతల కాలాన్ని చూచిన వారికి ఈ స్థితి సులభంగా బోధపడుతుంది. తోట రైతుది. కాయ కోసేది కూలీలు. లారీ ఇంకొకరిది. నున్న మార్కెట్టులో కమీషను వ్యాపారి మరొకరు. తినేవారు ఎక్కడో ఉత్తర దేశంలో ఉంటారు. సరుకు చెడకుండా చేరాలని తాపత్రయపడే మనిషి వీరిలో ఎవరినీ శాసించలేడు. అయినా పని జరిపించాలి. శాసించలేని చోట పని జరిపించే గుణాలనే మృదు నైపుణ్యాలు అంటున్నాము. వీటిలో మనవారు తరచుగా ఉపేక్షించే అయిదింటిని పరిశీలిద్దాము.

వినడం

మాట్లాడడం నేర్పే పుస్తకాలు కోకొల్లలు. వినడం నేర్పేవి అరుదు. తెలుగు యువకుడు ఫణీంద్ర సామ అనుభవం ఇక్కడ గమనింపదగినది. 2005 దీపావళికి బెంగుళూరు నుంచి ఇంటికి రావడానికి ఆయనకు బస్సు టిక్కెట్టు దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో తెలిపే మార్గమే లేదని గ్రహించి, మిత్రులతో కలిసి బస్సు యజమానుల కోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. యజమానులు దానిపై ఆసక్తి చూపలేదు. ఇంత మంచి వస్తువును కాదంటారేమని వారిని నిందించి ఊరుకుంటే కథ అంతటితో ముగిసేది. వారు యజమానులను, టిక్కెట్టు ఏజెంట్లను, ప్రయాణికులను కలిసి మాట్లాడారు. యజమానికి కావలసినది కంప్యూటరు కాదు, ఖాళీ సీటు నిండడం. ఆ మాట చెవికెక్కిన తరువాత సీట్లను తామే అమ్మిపెట్టే పద్ధతికి మారారు. 2006లో ప్రారంభమైన ఆ రెడ్‌బస్ సంస్థను 2013లో ఐబిబో సంస్థ కొనుగోలు చేసింది. తాము చేసిన వస్తువుపై మమకారం చంపుకొని ఎదుటివాని అవసరాన్ని వినగలగడం ఇందులోని పాఠం.

బాధను బాధగా గుర్తించడం

నల్లగొండ ప్రాంతపు చేనేతలో ఆసు పోయడం అనే పని ఉంది. చీరకు రంగులు అద్దడానికి ముందు దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేతితో అటూ ఇటూ చుట్టాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఆడించాలి. ఇంటింటా స్త్రీలే చేసే పని ఇది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి గారు ఈ పని వలన భుజం నొప్పితో బాధపడేవారు. తరతరాలుగా అందరూ చూచిన నొప్పే అది. పనిలో భాగమని అందరూ సరిపెట్టుకున్నారు. బడి చదువు మధ్యలోనే ఆగిన మల్లేశం సరిపెట్టుకోలేదు. 1992లో మొదలుపెట్టి, నలుగురూ నవ్వినా మానక, 1999 నాటికి ఆసు యంత్రాన్ని పూర్తిచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ యంత్రంలోని చక్రాలను, మోటారును ఇంజనీరింగు కళాశాలలో చదువుకోవచ్చు. తల్లి భుజం నొప్పిని తీర్చదగిన సమస్యగా చూచిన దృష్టి మాత్రం పాఠ్యపుస్తకంలో దొరికేది కాదు.

హైదరాబాదులో పుట్టి, 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థకు ముఖ్య కార్యనిర్వహణాధికారి అయిన సత్య నాదెళ్ల కూడా ఈ సందర్భంలో స్మరణీయుడు. ఆ సంస్థలో చేరేటప్పుడు తనను అడిగిన ఒక ప్రశ్నను ఆయన తన పుస్తకంలో రాసుకున్నారు. వీధిలో పడి ఏడుస్తున్న పసిబిడ్డను చూస్తే ఏమి చేస్తావని అడిగారట. అత్యవసర సేవకు ఫోను చేస్తానని ఆయన జవాబిచ్చారు. బిడ్డ ఏడుస్తుంటే ముందు ఎత్తుకోవాలి అని పరీక్షించినవారు హితవు చెప్పారు. సాంకేతికంగా తప్పులేని సమాధానంలో కూడా లోపం ఉండగలదని ఈ ఉదంతం తెలుపుతుంది.

కారణం చెప్పడం

బంగినపల్లి కాయను కొంత తొడిమ ఉంచి కోయాలి. తొడిమ ఊడితే సొన కారి తొక్కపై పడుతుంది. చెట్టు కింద ఆ మరక పెద్దగా కనిపించదు. కొద్ది రోజులకు నల్లబడి, దూరపు మార్కెట్టులో కాయ ధరను తగ్గిస్తుంది. కోసే కూలీకి ఈ నష్టం కనబడే అవకాశమే లేదు. తొడిమ ఉంచి కొయ్యి అని గద్దించినవాని మాట అతడు అక్కడ ఉన్నంతసేపే సాగుతుంది. మచ్చపడిన కాయను తెచ్చి చూపి, ఇది ఇట్లా ఎందుకైందో చెప్పినవాని మాట అతడు వెళ్లిపోయాక కూడా నిలుస్తుంది. ఇంజనీర్లతో వ్యవహరించే ప్రోడక్ట్ మేనేజరు విషయంలోనూ ఇంతే. ఇది చేయండి అనడంకన్నా, ఇది లేనందున వాడేవారు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చూపడం ఫలిస్తుంది. కారణం తెలిసిన ఇంజనీరు అడిగినదానికంటే మెరుగైన ఉపాయం తానే చెప్పవచ్చు.

కాదనగలగడం

మంచితనమంటే అందరికీ సరేననడం అని భావించడం పొరపాటు. ధర బాగున్న వారంలో కాయను త్వరగా మగ్గించమని వ్యాపారి తొందరపెడతాడు. కార్బైడు వాయువుతో పండ్లను మగ్గించడాన్ని మన ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. ఇథిలీను వాయువును తగిన మోతాదులో వాడడానికి అనుమతి ఉంది. ఇట్టి సమయంలో కాదని చెప్పడమే కాక, కాదన్నప్పుడు మరొక మార్గం చూపడం, ఎదుటివాని తొందరను అవమానించకుండా మాట్లాడడం అవసరం. ప్రోడక్ట్ మేనేజరు వద్దకు రోజూ పది కోరికలు వస్తాయి. అన్నిటికీ సరేనంటే ఏదీ పూర్తికాదు. కోపం లేకుండా, కారణంతో, సకాలంలో కాదనడం పెద్ద నేర్పు. చివరి రోజు వరకు ఆశ చూపి అప్పుడు కాదనేవానిని ఎవరూ రెండవసారి నమ్మరు.

స్పష్టంగా రాయడం

పైన పేర్కొన్న మెకెల్‌రాయ్ ఆ కొత్త పద్ధతిని ముందుకు తెచ్చినది మూడు పుటల రాతతోనే. సమస్య ఏది, ఎవరిది, ఏమి చేయదలచాము, అది నెరవేరినట్లు ఎట్లా తెలుస్తుంది అనే నాలుగు ప్రశ్నలకు ఒక పుటలో జవాబు రాయగలవారు ఏ సంస్థలోనైనా కొద్దిమందే ఉంటారు. ఇందుకు అలంకారాలు అక్కరలేదు, ఆలోచన తేటగా ఉంటే చాలు. మాతృభాషలో తేటగా రాయలేనివారు ఇంగ్లీషులోనూ రాయలేరు. మాతృభాషలో ఆ అలవాటు కుదిరినవారికి ఇంగ్లీషు సాధనతో వచ్చేదే.

ఒక ఆక్షేపణ

ఇవన్నీ తియ్యని మాటలతో పని గడుపుకొనే విద్య కాదా అని కొందరు ఆక్షేపించవచ్చు. ఈ ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. వస్తువు గురించి ఏమీ తెలియక కేవలం మాటకారితనంతో నెగ్గుకురావాలనుకునేవారు ఏ రంగంలోనైనా ఉన్నారు. వారిని పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. మాటకారి తాను చెప్పినది గుర్తుంచుకుంటాడు, మంచి నిర్వాహకుడు తాను విన్నది గుర్తుంచుకుంటాడు. మృదు నైపుణ్యం సాంకేతిక జ్ఞానానికి ప్రత్యామ్నాయం కాదు. లెక్కలు, కంప్యూటరు, ఇంగ్లీషు శ్రద్ధగా నేర్వవలసినవే. అవి ఉన్న ఇద్దరిలో ఒకరు నిలిచి ఒకరు వెనుకబడడానికి కారణం మాత్రం తరచుగా పైన చెప్పిన గుణాలలోనే దొరుకుతుంది.

మన విద్యార్థులు, మన కళాశాల

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు పలికే మన విద్యార్థి చిన్ననాటి నుంచీ ఒకరి మాటను మరొకరికి అందజేస్తూనే పెరుగుతున్నాడు. ఆసుపత్రిలో నానమ్మ చెప్పిన బాధను డాక్టరుకు తెలుగులో చెప్పి, డాక్టరు చెప్పిన జాగ్రత్తను తిరిగి ఉర్దూలో ఆమెకు నచ్చజెప్పే అమ్మాయి మన తరగతులలో ఉంది. ఏ మాట ఎవరికి ఏ తీరున చెబితే తలకెక్కుతుందో ఆమెకు తెలుసు. తయారుచేసేవారికీ వాడేవారికీ నడుమ నిలిచే పదవికి ఇంతకంటే మంచి పునాది ఏముంటుంది? ఆమె దానిని యోగ్యతగా లెక్కించకపోవడమే విచారకరం. ఎవరూ ఆమెకు ఆ మాట చెప్పలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక చిన్న మనవి. వ్యక్తిత్వ వికాసం పేరిట ఉపన్యాసాలు ఏర్పాటుచేయడం మంచిదే. వాటితోపాటు ఏటా మామిడి కోతల కాలంలో విద్యార్థులను ఇద్దరిద్దరుగా తోటలకు, మార్కెట్టుకు పంపుదాము. ఒక్కొక్క జట్టు ఒక రైతును, ఒక కూలీని, ఒక వ్యాపారిని కలవాలి. సలహా చెప్పకూడదు, అడగాలి, వినాలి. ముగ్గురూ చెప్పినదానిలో ఎక్కడ పొంతన కుదరలేదో ఒక పుటలో తెలుగులోనో ఉర్దూలోనో రాసి, పిమ్మట అదే ఇంగ్లీషులో రాయాలి. అట్టి పుటలలో ఉత్తమమైనవి ఈ సంచికలోనే ప్రచురించవచ్చు. ఖర్చు బస్సు చార్జీలకు మించదు.

విద్యార్థులారా, ఉద్యోగ ప్రకటనలో ఆ పదవి పేరు చూచినప్పుడు ఇంగ్లీషు తడబడుతుందని పుట తిప్పివేయకండి. తడబాటు సాధనతో పోతుంది. వినే చెవి, ఎదుటివాని కష్టం ఎరిగే మనసు మీలో అప్పటికే ఉండవచ్చు. వాటిని గుర్తించి, దరఖాస్తులో ఉదాహరణతో సహా రాసి పంపండి. ఆ ప్రయత్నంలో మా అధ్యాపకుల తోడ్పాటు మీకు ఎల్లప్పుడూ ఉంటుంది.